నాగూరయ్య చెవికి అందేదాకా

మా చర్చి సంఘంలో ఒక ఆడపిల్ల ఈ మధ్యనే ప్రత్యేక ఉపాధ్యాయుల కోర్సులో చేరింది. ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే వెంటపడింది. "పదవీ విరమణ సభలో చెప్పినవి కాదు టీచర్, నిజంగా ఏం చేసేవాళ్ళో అది రాసి ఇవ్వండి" అంది. శాలువాలూ పొగడ్తలూ పక్కన పెడితే నేను నిజంగా చేసింది చాలా కొద్ది. వెంకటాచలంలో బస్సెక్కేదాన్ని. తీరం వెంబడి ఏదో ఒక ఊళ్ళో దిగి నడిచేదాన్ని. చూపులేని మనిషి పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో నా సంచిలో బ్రెయిలీ పలకా చేతికర్రా ఉండేవి, చివరి ఏళ్ళలో ఫోను. సంచిలో సామాను మారింది కానీ పని మారలేదు.

నేను ప్రభువును నమ్ముకున్నదాన్ని. ఈ పని ఆయనే నా చేతికిచ్చాడని నమ్మి చేశాను. నమ్మనివాళ్ళు కూడా ఈ పని ఎంతో బాగా చేయడం చూశాను కాబట్టి ఆ మాట ఎవరి మీదా రుద్దను. కానీ ఆయన్ను వదిలేసి రాస్తే అది నా సంగతి కాదు, వేరెవరిదో అవుతుంది.

మందిరంలో నేర్చుకున్నది

మా మందిరంలో వాక్యం చదివే పద్ధతి ఒకటుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, బైబిల్లో ఒక వచనం చదువుతారు, తరువాతి వచనం సంఘమంతా కలిసి చదువుతుంది. బడికి వెళ్ళే పిల్లలం మేము గబగబా చదివేసి తలెత్తి చూసేవాళ్ళం. వెనక చాపల మీద కూర్చున్న అవ్వలు వయసు మీరాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కునేవాళ్ళు. ఆఖరి అవ్వ గొంతు ఆగితే తప్ప అయ్యగారు తన వచనం మొదలుపెట్టేవారు కాదు.

ఒకసారి నేను విసుక్కున్నాను. అయ్యగారు విన్నారు.

"ఏమ్మా కరుణా, దబ్బున చదివినోళ్ళది దేవుడికి ముందు వినపడతాదా?" అన్నారు. "ఆ అవ్వ చదివినాకనే మనమంతా చదివినట్టు."

అప్పుడు సిగ్గుపడ్డాను. నా ఉద్యోగానికి పనికొచ్చే మొదటి పాఠం అదేనని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది.

గోవిందమ్మ అడిగింది

కొత్తగా చేరినప్పుడు నా పై అధికారి పురుషోత్తం గారు. నుదుటి నిండా విభూతి పెట్టుకునేవారు. మాట కరుకు. దొరవారిసత్రం దగ్గర వరి పండించుకునే ఇంట్లో గోవిందమ్మ అనే ఆవిడకు చూపు పోయిందని తెలిసి నేను చేతికర్ర తీసుకుని వెళ్ళాను. గంటసేపు కర్ర గురించి చెప్పాను. ఆవిడ మర్యాదగా వింది, మజ్జిగ ఇచ్చింది, కర్రను మూలన పెట్టింది. మళ్ళీ వెళ్తే దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది.

ఆ సంగతి చెప్పుకుని వాపోతే పురుషోత్తం గారు ఒక్కటే అడిగారు. "ఆయమ్మకేం కావాల్నో అడిగినావా?"

అడగలేదు. సువార్తలో దారి పక్కన కూర్చుని కేకలు పెట్టిన గుడ్డి భిక్షగాడి సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని. వాడికి చూపు లేదని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అయినా ప్రభువు ముందుగా ఆ మనిషినే అడిగాడు, నీకేం కావాలని. అది నాకు కంఠతా వచ్చు. కానీ దాన్ని నా పనిలో పెట్టమని చెప్పడానికి ఒక శివభక్తుడు కావలసి వచ్చింది.

మళ్ళీ వెళ్ళి అడిగాను. గోవిందమ్మ చుట్టూ చెవి వేసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించింది.

"మా చెల్లెలికి నేనే ఫోన్ చేసుకోవాలమ్మా. ఇప్పుడు నా కోడలే నంబర్ కొట్టి ఇస్తా ఉండాది."

"కొట్టి ఇస్తే మంచిదే గదమ్మా?"

"ఏం మంచి? నేను మాట్లాడాల్సింది దాని గురించే గదా!"

ఫోన్ మీటలు తడిమి గుర్తుపట్టడం నాలుగు రోజుల్లో నేర్చుకుంది. తరువాత చెల్లెలి ఇంటికి ఎవరి తోడూ లేకుండా పోవాలనిపించి కర్ర కూడా తనే అడిగి తీసుకుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మీ సంచిలో ఉన్నది వాళ్ళకు కావలసింది అనుకోకండి.

మునిలక్ష్మి వేగం

పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో, వాళ్ళు కుప్పం అంటారు, మునిలక్ష్మి పుట్టింది. పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. ఫోన్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఏర్పాటును స్క్రీన్ రీడర్ అంటారు. తెర మీద వేలు జరుపుతూ పోతే ఒక గొంతు ఒక్కొక్కటే చదువుతుంది. దాని వేగం మన ఇష్టం. కొత్తవాళ్ళు నిదానంగా పెట్టుకుంటారు. అలవాటైనవాళ్ళు పెంచుకుంటూ పోతారు.

మునిలక్ష్మి ఎంత పెంచిందంటే, పక్కన కూర్చున్న నాకు మిడతల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ పిల్లకు అందులో ప్రతి మాటా తెలిసేది. నాకది గర్వంగా ఉండేది. పిల్లలందరికీ పందేలు పెట్టేదాన్ని. చూపున్నవాడు కళ్ళతో చదివే లోపల నువ్వు చెవితో చదివెయ్యాలి, అప్పుడే ఉద్యోగం ఇస్తారు అని నూరిపోసేదాన్ని. ఆ మాటలో అబద్ధం లేదు. బయటి లోకం వేగాన్నే చూస్తుంది.

డిగ్రీ అయ్యాక ఆ పిల్ల చాలా చోట్లకు ఇంటర్వ్యూలకు వెళ్ళింది. అందరూ మెచ్చుకున్నారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. "మెచ్చుకునేవాళ్ళను చూస్తే భయమేస్తా ఉండాది టీచర్" అనేది నవ్వుతూ. "బాగా తిట్టేవోళ్ళెవరన్నా ఉంటే చెప్పండి, ఆడికే పోతా."

సదస్సు

నేను రిటైరయిన తరువాత నెల్లూరులో డిజిటల్ యాక్సెసిబిలిటీ మీద సదస్సు పెట్టారు. ఫోన్లూ వెబ్‌సైట్లూ చూపు లేనివాళ్ళూ చెవుడున్నవాళ్ళూ చేతులు సరిగా ఆడనివాళ్ళూ అందరూ వాడుకునేలా ఎలా తయారుచేయాలన్నది విషయం. నన్నూ పిలిచారు. తడ దగ్గర చిన్న కంపెనీ ఒకటి మత్స్యకారుల కోసం యాప్ తయారుచేసింది. రొయ్యల ధర, గాలి వేగం, సముద్రంలోకి పోవద్దన్న హెచ్చరిక, అన్నీ అందులో వస్తాయి. దాని మేనేజరు శశిధర్ గారికి యాప్‌ను పరీక్షించే టెస్టర్ కావాలి. చూపులేని మనిషే కావాలని ఆయన పట్టుబట్టాడు. నేను మునిలక్ష్మి పేరు చెప్పాను.

"సదస్సులో అందరి ముందూ వాడి చూపించమనండి. బాగా చేస్తే తీసేసుకుంటా" అన్నాడు.

తడ అంటే సూళ్ళూరుపేటలో బస్సెక్కితే చాలు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. అంతకంటే దగ్గరలో ఆ పిల్లకు తగిన ఉద్యోగం దొరకదు. వాళ్ళమ్మ ఎండుచేపల గంపలు దించి మరీ మొక్కుకుంది. నేను మా మందిరంలో ప్రార్థన పెట్టించాను.

మునిలక్ష్మికి తోడు వాళ్ళ మేనమామ నాగూరయ్య వచ్చాడు. జన్మంతా సముద్రం మీద పడవ నడిపినవాడు. షుగరు వ్యాధితో ఈమధ్యనే చూపు పూర్తిగా పోయింది. మేనకోడలే ఆయనకు ఫోన్ నేర్పుతోంది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుస్తుంటే ఎవరు ఎవరికి తోడో తెలియలేదు.

"మధ్యాన్నం బిర్యానీ అంట గదా టీచరమ్మా" అన్నాడు రాగానే.

"సదస్సుకొచ్చినావా, బిర్యానీకొచ్చినావా మామా?" అంది మునిలక్ష్మి.

"బిర్యానీకే వచ్చినా. సదస్సు అడ్డమొచ్చింది."

సదస్సుల గురించి దాచకుండా చెప్పాలి. చూపులేనివాళ్ళు సగం మంది కూర్చున్న హాలులో ఒకాయన తెర మీద బొమ్మలేసి "ఇక్కడ చూడండి, ఇది దీనికంటే మెరుగు" అంటూ చాలాసేపు మాట్లాడాడు. ఏది దేనికంటే మెరుగో ఇప్పటికీ మాకు తెలియదు. వేదిక మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు. భోజనాలు బఫే. బఫే కనిపెట్టినవాడికి రెండు కళ్ళూ మూడు చేతులూ ఉండి ఉంటాయి. అయినా ఇలాంటి సదస్సులకు వెళ్ళమనే చెబుతాను. ఆ రోజు జరిగినట్టు ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది.

వేదిక మీద

శశిధర్ గారు యాప్ ఉన్న ఫోన్ మునిలక్ష్మికిచ్చి, దాని గొంతు హాలంతా వినపడేలా మైకుకు కలిపించాడు. ఆ పిల్ల ముందు గొంతును తన వేగానికి పెంచుకుని వేలు కదిపింది. స్పీకర్లలో మిడతలు రేగాయి. హాలంతా బిత్తరపోయింది. అధ్యక్షత వహిస్తున్న ప్రొఫెసరు సుజాత గారు కంగారుగా అడిగారు.

"ఏమ్మా, ఫోను చెడిపోయిందా?"

"లేదు మేడమ్. అది తెలుగే."

హాలు ఘొల్లుమంది. మునిలక్ష్మి వాళ్ళ నవ్వు ఆగే లోపలే రొయ్యల ధర చెప్పింది, గాలి ఎటు వీస్తోందో చెప్పింది. యాప్ రాసిన ఇంజనీరు కిరణ్ కింద నుంచి ఒక నమూనా హెచ్చరిక పంపితే అదీ విని చెప్పింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, వేటకు పోవద్దు అని.

"అన్నీ దొరికినాయి సార్. ఒక్క తప్పు కూడా లేదు."

చప్పట్లు మోగాయి. శశిధర్ గారు మైకు తీసుకుని "మా టెస్టర్ మాట విన్నారు గదా" అన్నాడు. దిగి వచ్చి నా పక్కన కూర్చున్న మునిలక్ష్మి నా చెయ్యి నొక్కి పట్టుకుంది. "మా టెస్టర్ అన్నాడు టీచర్! నేను సరిగ్గానే విన్నానా?" సరిగ్గానే విన్నావని చెప్పాను.

అంతలో పక్కనుంచి నాగూరయ్య గొంతు లేచింది. పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేసి అలవాటైన గొంతు అది. మైకు అక్కర్లేదు.

"అది నిజంగా తెలుగేనా మే? నాకొక్క ముక్క తెలియలా. నాకియ్యమను, నేనూ చూస్తా."

"మామా, ఊరుకో. ఇది మన ఇల్లా?"

"చేపలోళ్ళకే అన్నాడు గదా ఆయన. నేనేమన్నా కలెక్టర్నా?"

సుజాత గారు నవ్వి "రండి పెద్దాయనా, మీరూ చూడండి" అన్నారు. మునిలక్ష్మి చేసేది లేక మామను పట్టుకుని మళ్ళీ వేదిక ఎక్కింది. ఫోన్ గొంతును మామ అలవాటుకు తగ్గించింది. కిరణ్ హెచ్చరికను మళ్ళీ పంపాడు. ఈసారి హాలులో అందరికీ అర్థమయ్యే తెలుగు వినపడింది.

"తీర ప్రాంత మత్స్యకార సోదరులందరికీ ముఖ్యమైన మనవి. ప్రస్తుత వాతావరణ పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని..." అక్కడితో ఆగింది. వెంటనే అదే గొంతు "రొయ్యల ధర" అంది.

నాగూరయ్య ఫోన్‌ను చెవి దగ్గరకు తెచ్చుకున్నాడు. "మనవి అన్నాడు. ఏం మనవో చెప్పకనే రొయ్యల్లోకి పోయినాడే!"

హాలు మళ్ళీ నవ్వింది. ఇంకోసారి పంపారు. మళ్ళీ అంతే.

"గాలా, వానా, వాళ్ళింట్లో పెళ్ళా? ఏందో చెప్పి పొమ్మనండయ్యా."

అందరూ నవ్వుతున్నారు. మునిలక్ష్మి నవ్వడం లేదు. కిరణ్‌ను అడిగింది. "అన్నా, ఆ హెచ్చరిక దానంతటదే పోతాదా?"

"కొద్ది సెకన్లకు పోతుంది. తెరకు అడ్డం రాకుండా మేమే అట్లా పెట్టినాం. కళ్ళతో చూసేవాళ్ళకు ఆ టైమ్ చాలు."

ఆ పిల్ల వేగానికి కూడా ఆ టైమ్ చాలింది. అందుకే తప్పు దొరకలేదు. గొంతు నిదానంగా పెట్టుకున్న మనిషికి అసలు సంగతి రాకముందే హెచ్చరిక మాయమవుతోంది. పొద్దున్నుంచీ అంతమంది నిపుణులం కూర్చున్నాం. మాలో ఎవరికీ తట్టలేదు. చేయి తిరిగినవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది.

శశిధర్ గారు మైకు అందుకున్నాడు. "చిన్న విషయమే ఇది. పెద్దాయన అలవాటు పడితే వేగం పెంచుకుంటారు. అంతే గదా మునిలక్ష్మి?"

ఆ పిల్ల అవునంటే ఉద్యోగం చేతిలో ఉంది. నేను ముందు వరుసలో కూర్చుని తల వంచి ప్రార్థించాను. ఆ ఉద్యోగం పోకూడదనే ప్రార్థించాను. అంతకంటే గొప్ప ప్రార్థన ఆ నిమిషంలో నా నోటికి రాలేదు.

"కాదు సార్" అంది మునిలక్ష్మి. "ఇందాక ఒక్క తప్పు లేదని చెప్పినా. అది నా చెవికి. మా మామ చెవికి తప్పుండాది. మా కుప్పంలో చూపున్నోళ్ళు కూడా చానామంది చదవలేరు, వాళ్ళూ ఇట్లానే నిదానంగా పెట్టుకోని వింటారు. మనవి విని, సంగతి వినకుండా పడవ తోసుకోని పోతే ఎవరు జవాబు చెప్పాల? నా మాట వెనక్కి తీసుకుంటా ఉండా. ఇది పాస్ కాదు సార్."

శశిధర్ గారు "నోట్ చేసుకుంటాం" అన్నాడు. ఇందాక అన్న "మా టెస్టర్" మాట మళ్ళీ అనలేదు. సుజాత గారు భోజన విరామం ప్రకటించారు.

భోజనాల దగ్గర

నేను ముగ్గురికీ పళ్ళేలు తెచ్చాను. నాగూరయ్య ముద్ద కలిపి కూడా నోట్లో పెట్టుకోలేదు.

"నేను నోరు మూసుకోని ఉంటే అయిపోయుండేది గదా పాపా."

"నువ్వు నోరు మూసుకుంటే సముద్రం నోరు మూసుకుంటాదా? తిను మామా."

"నీకు వేగం నేర్పింది నేను" అన్నాను. "దానితో పాటు మా అవ్వల సంగతి కూడా చెప్పి ఉండాల్సింది." మందిరంలో ఆఖరి గొంతు ఆగేదాకా అయ్యగారు ఎలా కాచుకునేవారో చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా వింది.

"ఆ అయ్యగారే ఈ యాప్ రాసుంటే బాగుండు టీచర్" అంది.

అప్పుడు శశిధర్ గారు తన పళ్ళెం పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు.

"పొద్దున మా పై ఆయనకు ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పినా" అన్నాడు. "ఇప్పుడు మళ్ళీ చేసి బాగలేదని చెప్పినా. బాగా తిట్లు తిన్నా."

"మిమ్మల్ని తిట్టించినా సార్. ఏమనుకోవద్దండి."

"ఎందుకు? సముద్రం మీద బయటపడాల్సింది స్టేజీ మీద బయటపడింది. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. టీ తాగినాక తగ్గింది." నీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు. "ఒక్కటి చెప్పు. ఆఫీసులో కూడా ఇట్లానే చెప్పిన మాట వెనక్కి తీసుకుంటావా?"

"తప్పని తెలిస్తే తీసుకుంటా సార్."

"నేను వద్దన్నా?"

"అప్పుడు ముందు మీకు చెప్పి తీసుకుంటా."

ఆయన గట్టిగా నవ్వాడు. "సోమవారం వచ్చి చేరు."

మునిలక్ష్మి చెంచా పక్కన పెట్టింది. "సార్, నా చెవి ఒక్కటే చాలదు. మా మామలాగా నిదానంగా వినేవోళ్ళను కూడా పిలిపించాల. ఊరికే కాదు, కూలి ఇచ్చి."

"ఇస్తాం."

నాగూరయ్య అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "అయ్యా, కూలి సరే. అన్నం కూడా పెడతారా, ఇంటి నుంచి ఎత్తుకోని రావాల్నా?"

ఆ తరువాత

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను ఇచ్చే సలహా పెద్దదేమీ కాదు. మీ దగ్గర బాగా నేర్చుకున్న పిల్లను చూసి మురిసిపోండి, తప్పులేదు. కానీ నిన్న గాక మొన్న చూపు పోయిన ముసలాయన దగ్గరకు కూడా మీ వస్తువు తీసుకెళ్ళండి. ఆయన ఎక్కడ తడబడతాడో అక్కడే మీ పని మిగిలి ఉంటుంది. ఇది చెప్పే బడి నాకు కనపడలేదు. నాకు మందిరం చెప్పింది, పురుషోత్తం గారు చెప్పారు, నాగూరయ్య చెప్పాడు. మీకు ఎవరు చెప్పినా వినండి.

చేరిన కొన్నాళ్ళకు మునిలక్ష్మి ఫోన్ చేసింది. వెనక బస్సు హారన్లూ కండక్టరు కేకలూ వినపడుతున్నాయి. హెచ్చరిక ఇప్పుడు వేలితో తట్టేదాకా పోదట. పోవద్దన్న మాట ముందు వస్తుందట, సోదరులూ మనవులూ తరువాతట.

"అయితే పాస్ చేసినావా?" అన్నాను.

"యాడ టీచర్! నేను బాగుందన్నా. మామ వద్దన్నాడు. పడవ ఇంజను చప్పుడులో ఆ గొంతు వినపడదంట, కూర్చోబెట్టి వినిపిస్తే ఏం లాభమని పేచీ. ఇంజను చప్పుడు రికార్డు చేసి తెచ్చినాం, ఆ చప్పుడులో మళ్ళీ పరీక్ష పెట్టినాం. నిజమే, వినపడలా."

"మరి శశిధర్ గారు ఊరుకున్నారా?"

"ఊరుకుంటాడా? రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడతాడు, అయిందా అయిందా అని."

"నువ్వేమంటావు?"

"కాలేదు సార్ అంటా. ఆయన వెళ్ళిపోతాడు. నేను పని చేసుకుంటా."

ఎక్కడా అదురూ బెదురూ లేకుండా చెప్పింది. తన మేనేజరుకు రోజూ పొద్దున్నే కాలేదని చెప్పి, సాయంత్రం మళ్ళీ అదే బస్సులో హాయిగా ఇంటికి పోతోంది. ఇక ఆ పిల్ల ఉద్యోగం గురించి ప్రార్థించనక్కర్లేదని తెలిసి, ఆ రాత్రి స్తోత్రం మాత్రం చెప్పుకుని పడుకున్నాను.